23 చెక్క అక్షరాలు: సోహ్రా ప్రాజెక్టు డైరీ

ఏప్రిల్ 26, శనివారం

ఈ రోజు చెక్క కొన్నాను. షిల్లాంగ్‌లో కలప అడితికి వెళ్ళి ఖాసీ పైన్ పలకలు నాలుగు ఏరుకుని తెచ్చాను. ముప్పావు అంగుళం మందం. ముడులు తక్కువగా ఉన్నవి దొరకడానికి గంటన్నర పట్టింది. పైన్ చెక్కలో బంక ఉంటుంది, రంపం పళ్ళకు అంటుకుంటుంది. మా నాయన మదనపల్లెలో వడ్రంగి. ఆయన అన్నీ వేప, టేకుతోనే చేసేవాడు, ఈ చెక్క ఆయన చేతికి ఎప్పుడూ రాలేదు. నేను ఉద్యోగం మీద ఈ కొండలకు వచ్చి ఆరేళ్ళయింది. ఆయన చిత్రిక, రెండు ఉలులు నాతోనే తెచ్చుకున్నాను.

పని ఏమిటో మొదట రాసుకుంటాను. మా ఆఫీసులో పనిచేసే ఒకావిడను నేను కాంగ్ అని పిలుస్తాను. ఖాసీ భాషలో అది అక్క లాంటి పిలుపు. ఆమెది సోహ్రా పక్కన ఒక చిన్న ఊరు. సోహ్రా అంటే మనం బడిలో చిరపుంజి అని చదువుకున్న ఊరే. అక్కడి ప్రెస్బిటేరియన్ (ప్రొటెస్టెంట్ క్రైస్తవుల్లో ఒక శాఖ) సంఘంలో ఆమె సండే స్కూల్ టీచర్. జూన్ 22కి ఒక అక్షరాల బల్ల చేసిపెట్టగలవా అని అడిగింది. ముందువైపు పిల్లలు తీసి మళ్ళీ పెట్టుకునేలా చెక్క అక్షరాలు ఉండాలి. వెనకవైపు సంఘం చరిత్ర చిన్న చిన్న పలకలుగా ఉండాలి.

జూన్ 22 ఎందుకంటే, 1841లో ఆ రోజునే థామస్ జోన్స్ సోహ్రా చేరాడు. బ్రిటన్‌లోని వేల్స్ నుంచి వచ్చిన మిషనరీ. ఖాసీ భాషను రోమన్ లిపిలో రాయడం ఆయనతో మొదలైంది. మేఘాలయలో ఆ రోజుకు ఆయన పేరే పెట్టుకున్నారు. ఆయన కూడా వడ్రంగి కొడుకే. ఆ సంగతి కాంగ్ చెప్పగానే ఇక మారు మాట్లాడలేదు, సరే అన్నాను.

ఒక నియమం కూడా పెట్టింది: ఆదివారం రంపం పట్టకూడదు. ఈ కొండల్లో ఆదివారం బజారు మూసే ఉంటుంది, రోడ్డు మీద కనిపించేది మంచి బట్టలు కట్టుకుని గుడికి వెళ్ళేవాళ్ళే. కాబట్టి శనివారాలు నావి. సోహ్రా ఇక్కడికి 50 కిలోమీటర్ల పైచిలుకు దూరం.

మే 3

ఈ రోజు పొరపాటు చేశాను. అంగడిలో దొరికే ప్లాస్టిక్ అచ్చు కొని, ఏ నుంచి జెడ్ దాకా 26 అక్షరాలూ చెక్క మీద గీసి, అయిదు కోసేశాను. మూడోది సి. సాయంత్రం ఫోటో పంపితే కాంగ్ వెంటనే ఫోన్ చేసింది. సి మా అక్షరమాలలో లేదు అన్నా, అంది.

ఖాసీ అక్షరాలు 23. సి, ఎఫ్, క్యూ, వి, ఎక్స్, జెడ్ ఉండవు. ఏ, బి తర్వాత సి ఉండాల్సిన చోట కె వస్తుంది. ఎందుకో తెలిశాక నాకు చాలా సంతోషమేసింది. వేల్స్ వాళ్ళ వెల్ష్ భాషలో సి అక్షరం ఎప్పుడూ క అనే పలుకుతుంది, మరో ఉచ్చారణ లేదు. జోన్స్ తన సొంత భాష అక్షరమాల వరసనే మనసులో పెట్టుకుని, సి స్థానంలో కె ని కూర్చోబెట్టాడు. వరస మాత్రం కదల్లేదు. అందుకే ఇప్పటికీ ఖాసీ పిల్లలు ఏ, బి, కె, డి అని చదువుతారు. ఒక మనిషి నాలుక ఇంకో జాతి బడిపలక మీద ఇంత స్పష్టంగా మిగిలిపోవడం నేనెక్కడా చూడలేదు.

కొత్త కొలత: ఒక్కో అక్షరానికి నాలుగు అంగుళాల గడి. మూడు వరసలు, వరసకు ఎనిమిది గడులు. 23 అక్షరాలకు 24 గడులు వస్తాయి. చివరి గడిలో బల్లను మోయడానికి పిడి బిగిస్తాను.

మే 10

జంట అక్షరం కోశాను. ఎన్, జి రెండూ పక్కపక్కన అతుక్కుని ఒకే ముక్కగా ఉండాలి, ఎందుకంటే ఖాసీలో అది ఒకే అక్షరం. జి తర్వాత, హెచ్‌కి ముందు దాని చోటు. వెల్ష్ అక్షరమాలలోనూ సరిగ్గా అక్కడే ఉంటుంది.

ఈ అక్షరం దగ్గర చాలాసేపు ఆగిపోయాను. అది మన ఙ. చిన్నప్పుడు క వర్గం చివర బట్టీపట్టి, ఆ తర్వాత వాఙ్మయం లాంటి ఒకటి రెండు మాటల్లో తప్ప వాడకుండా వదిలేసిన అక్షరం. మన బడి పుస్తకాల్లో దాని పక్కన బొమ్మ కూడా ఉండేది కాదు, ఏ మాటకు బొమ్మ వేస్తారు? ఇక్కడ మనిషి తన గురించి చెప్పే మొదటి మాటే దానితో మొదలవుతుంది. ఙా అంటే నేను. ఙీ అంటే మేము. మన ఞ కూడా ఇక్కడ బతికే ఉంది, ఎన్ మీద అల పెట్టి రాస్తారు. పూర్వీకుల మతంలో బలి ఇవ్వడాన్ని క్ఞియా అంటారు. మన పంతుళ్ళు నేర్పి దాదాపు పక్కన పెట్టిన శబ్దాలు రెండూ ఇక్కడి జనం రోజూ నోటితో పలుకుతున్నారు.

ఎన్ మీద అల సన్నగా కోస్తుంటే రెండుసార్లు విరిగింది. పైన్ చెక్క గీతలకు అడ్డంగా కోస్తే ఆగదు. మూడోసారి అలను విడిగా, గీతలు నిలువునా పోయేలా కోసి, సన్న వెదురు పుల్ల దించి అతికించాను. ఐ మీద రెండు చుక్కలకూ అదే పద్ధతి. ఆ చుక్కల ఐ లేకపోతే ఖాసీలో ఇల్లు అనే మాటే రాయలేం. య్యింగ్ అంటే ఇల్లు.

వై అక్షరం గురించి ఒక మాట. ఇక్కడ అది అచ్చు. అ కీ ఇ కీ మధ్య నోట్లో తేలిపోయే ఒక చిన్న శబ్దం. తెలుగులో దానికి గుర్తు లేదు. వెల్ష్‌లో వై ఆ పనే చేస్తుంది, అందుకే జోన్స్‌కు వెతుక్కోవలసిన అవసరం రాలేదు.

మే 17

వర్షం మొదలైంది. చిత్రిక పట్టలేదు. వెనకవైపు పలకల మీద ఏమేం ఉండాలో కాగితం మీద గీసుకున్నాను. కాంగ్, నేను కలిసి నిర్ణయించినవి ఆరు పలకలు: 1841, 1846, 1891, 1897, 1905, 1969.

మొదటి పలక మీద ఓడ బొమ్మ ఉండాలని నేను, బొగ్గు రాయి ఉండాలని ఆమె. ఆమె మాటే నెగ్గింది. జోన్స్ అక్షరాలతో పాటు రంపపు పని నేర్పాడు, సున్నం కాల్చడానికి కట్టెలకు బదులు బొగ్గు వాడటం నేర్పాడు అని ఆ ఊళ్ళో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆయన 1840 నవంబర్‌లో లివర్‌పూల్‌లో భార్య ఆన్‌తో ఓడ ఎక్కాడు. దారిలో పుట్టిన బిడ్డ బతకలేదు. కలకత్తా నుంచి నదుల మీదుగా, తర్వాత కొండెక్కి, వానాకాలం మొదట్లో సోహ్రా చేరారు. ఏడాదికి సగటున 11,000 మిల్లీమీటర్లకు పైగా వాన పడే చోటికి, సరిగ్గా జూన్‌లో!

ఆయనను పంపిన వాళ్ళు వెల్ష్ కాల్వినిస్టిక్ మెథడిస్టులు. పేరులో మెథడిస్ట్ అని ఉన్నా పద్ధతి ప్రెస్బిటేరియన్‌దే, తర్వాత ఆ పేరే స్థిరపడింది. జోన్స్ మొదట లండన్ మిషనరీ సొసైటీకి దరఖాస్తు పెట్టుకున్నాడు. ఆయన ఆరోగ్యానికి ఇండియా సరిపడదని వాళ్ళు ఒప్పుకోలేదు. దాంతో వేల్స్ సంఘాలు 1840లో తమ సొంత మిషన్ పెట్టుకున్నాయి. ఒక్క మనిషి పట్టుదలతో ఒక మిషన్ పుట్టింది, ఆ మిషన్‌తో ఈ కొండల ప్రెస్బిటేరియన్ సంఘాలన్నీ వచ్చాయి.

ఆయన కంటే ముందు ఇక్కడికి వచ్చింది బెంగాల్‌లోని సిరాంపూర్ మిషన్ వాళ్ళు. విలియం కేరీ బృందం ఖాసీ కొత్త నిబంధనను బెంగాలీ లిపిలో అచ్చు వేసింది. 1832లో అలెగ్జాండర్ లిష్ సోహ్రాలో బడులు పెట్టాడు, కొన్నేళ్ళకు అవి ఆగిపోయాయి. తెలుగు కొత్త నిబంధన 1818లో అచ్చయిందీ సిరాంపూర్‌లోనే. 1812లో ఆ అచ్చుకూటం కాలిపోయినప్పుడు మన అచ్చు అక్షరాలూ కాలిపోయాయి, మళ్ళీ పోత పోసుకున్నారు. మన భాషకూ ఖాసీకీ ఒకే గదిలో అచ్చు అక్షరాలు పేర్చారన్న సంగతి తెలిశాక ఈ పని మీద మమకారం పెరిగింది.

కాంగ్ ఒక కథ చెప్పింది. పూర్వం ఖాసీవాళ్ళకూ లిపి ఉండేదట. దేవుడి దగ్గర అక్షరాలు తీసుకుని ఒక ఖాసీ మనిషి, ఒక పరదేశి తిరిగి వస్తుంటే దారిలో పెద్ద ఏరు పొంగింది. పరదేశి తన కాగితాన్ని జుట్టులో ముడివేసుకుని ఈదాడు. ఖాసీ మనిషికి అలా కుదరక నోట కరుచుకున్నాడు. నీళ్ళలో ఉక్కిరిబిక్కిరై మింగేశాడు. అందుకే మా చరిత్ర అంతా కడుపులో ఉంది, నోటితోనే చెప్పుకుంటాం అంది. ఇక్కడి వానలు చూసిన మనిషికి ఆ ఏరు ఎంత పొంగి ఉంటుందో ఎవరూ చెప్పక్కర్లేదు.

మే 24

23 అక్షరాలూ అయిపోయాయి. ఆకురాయితో అంచులు గుండ్రం చేశాను, పిల్లల చేతికి పేడు గుచ్చుకోకూడదు. గరుకు కాగితం మూడు రకాలు పట్టించాను. ఎస్ అన్నిటికంటే కష్టం, డబ్ల్యూ అన్నిటికంటే తేలిక.

ఒక పేచీ తేలలేదు. రెండో పలక గురించి. 1846లో సోహ్రా పక్కన నాంగ్‌సాలియాలో ఖాసీ కొండల మొదటి సంఘం ఏర్పడింది. అయిదేళ్ళ పనికి ఫలితం గుప్పెడు మంది. అంతవరకు అందరికీ సమ్మతమే. దాని తర్వాత జరిగింది రాయాలా వద్దా?

1845లో ఆన్ చనిపోయింది. జోన్స్ మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు, పెళ్ళికూతురు ఇంకా టీనేజీ దాటని అమ్మాయి. వ్యవసాయం, వ్యాపారం వైపు కూడా మళ్ళాడు. 1847లో మిషన్ ఆయనతో తెగతెంపులు చేసుకుంది. ఆ కొండల్లో వ్యాపారమంతా చేతిలో పెట్టుకున్న హ్యారీ ఇంగ్లిస్ ఖాసీలను పెడుతున్న బాధల మీద జోన్స్ నోరు విప్పాడు. ఇంగ్లిస్ ఆయన్ని నిలవనివ్వలేదు. పారిపోవలసి వచ్చింది. 1849 సెప్టెంబర్‌లో కలకత్తాలో మలేరియాతో చనిపోయాడు. అప్పటికి వయసు 39. అక్కడి స్కాటిష్ శ్మశానంలో సమాధి ఉంది.

సండే స్కూల్ బల్ల మీద ఇవన్నీ పెట్టవచ్చా అని కాంగ్‌కు టెన్షన్. నాకూ తేలడం లేదు. రేపు ఆరాధన తర్వాత సంఘ పెద్దల ముందు పెడదాం అంది.

మే 25, ఆదివారం

పొద్దున అయిదింటికి సుమో ఎక్కి వెళ్ళాను. మబ్బు రోడ్డు మీదికే దిగి ఉంది, ముందు వెళ్ళే బండి వెనక లైట్లు తప్ప ఏమీ కనబడలేదు. గుడి లోపల మాత్రం వెచ్చగా ఉంది.

పాటల గురించి రాయకుండా ఉండలేను. నాలుగు గొంతుల్లో పాడతారు. ఎవరికి వాళ్ళు తమ వరస పట్టుకుని, మూలన కూర్చున్న ముసలాయన కూడా కింది శ్రుతిలో నిలబడి పాడతాడు. అది వేల్స్ నుంచి వచ్చిన అలవాటు. వెల్ష్ జాతీయగీతం బాణీలోనే జాన్ రాబర్ట్స్ అనే మిషనరీ ఖాసీ దేశం మీద పాట కట్టాడు, ఇక్కడివాళ్ళకు అది సొంత పాట అయిపోయింది. మేము మదనపల్లెలో కీర్తనలు తాళం వేస్తూ ఒకే గొంతుగా పాడుకుంటాం. రెండూ నాకు ఇష్టమే. అయితే వాన రేకుల మీద మోగుతుంటే నాలుగు గొంతులు దాన్ని మించి లేవడం వేరే అనుభవం.

సండే స్కూల్ పిల్లలకే కాదు, పెద్దలకూ ఉంటుంది. తాతలు, అమ్మమ్మలు కూడా తరగతులుగా కూర్చుని చదువుతారు. ఇదీ వెల్ష్ పద్ధతే. అక్షరాలు ఈ కొండల్లో ఇంత త్వరగా పాకడానికి నా ఉద్దేశంలో అదే అసలు కారణం. మనిషి చదవడం నేర్చుకున్న చోటూ, దేవుడి మాట విన్న చోటూ ఒకే గది.

ఆరాధన అయ్యాక పెద్దలు కూర్చున్నారు. ఖాసీలో సంఘ పెద్దను తిమ్మెన్ బసాన్ అంటారు. ప్రెస్బిటేరియన్ పద్ధతిలో ఒక్క పాస్టరు అనుకుంటే ఏదీ జరగదు, బిషప్ ఉండడు. సంఘం ఎన్నుకున్న పెద్దలు కూర్చుని తేల్చాలి. వాళ్ళ మీద ప్రెస్బిటరీ, దాని మీద సినడ్. ప్రెస్బిటర్ అనే గ్రీకు మాటకు అర్థమే పెద్ద. మా మదనపల్లె సంఘం అమెరికా రిఫార్మ్‌డ్ చర్చి ఆర్కాటు మిషన్ నాటినది. 1908లో ప్రెస్బిటేరియన్లు, కాంగ్రిగేషనలిస్టులు కలిసి దక్షిణ భారత ఐక్య సంఘం అయినప్పుడు అందులోకి, 1947లో సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా)లోకి వచ్చింది. ఇప్పుడు మాకు బిషప్ ఉన్నాడు. మా తాత మాటల్లో మాత్రం "పెద్దలు కూర్చున్నారా?" అన్న ప్రశ్న చివరి దాకా పోలేదు. దాని మూలం ఎక్కడుందో ఈ రోజు కళ్ళారా చూశాను.

నన్నూ కూర్చోబెట్టి టీ, పుతారో పెట్టారు. బియ్యప్పిండి రొట్టె అది. మాటలన్నీ ఖాసీలోనే, కాంగ్ పక్కన కూర్చుని చెప్పింది. ఒకాయన వద్దన్నాడు, పిల్లలకు మొదట మంచి చెప్పాలి అన్నాడు. ఇంకొకాయన, అందరికంటే పెద్దాయన, చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత ఒక ప్రశ్న అడిగాడు. ఆయన్ని మిషన్ తీసేసింది సరే, అక్షరాలను ఎవరైనా తీసేశారా? వెనక వచ్చిన విలియం లూయిస్ అవే అక్షరాలతో పని సాగించలేదా? మన తాతలు అవే అక్షరాలతో చదువుకోలేదా? ఆయన తప్పూ రాయండి, ఆయన మా కోసం నోరు విప్పిన సంగతీ రాయండి, పిల్లలు రెండూ మోయగలరు అన్నాడు. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. చేతులెత్తి ఒప్పుకున్నారు. వద్దన్న ఆయన కూడా ఎత్తాడు.

రెండో పలక పొడుగు రెట్టింపు చేయాలి. కాంగ్ కోరిన ఇంకో పలకతో కలిపి ఇప్పుడు పలకలు ఏడు.

మే 31

ఏడో పలక 1863ది. అది కాంగ్ కోరిక. ఊ లార్సింగ్ ఈ కొండల తొలి సువార్తికుల్లో ఒకడు. లూయిస్ కుటుంబంతో 1861లో బ్రిటన్ వెళ్ళి, వేల్స్ సంఘాల్లో తిరిగి మాట్లాడాడు. 1863లో అక్కడే చెస్టర్‌లో చనిపోయాడు. పాతికేళ్ళ మనిషి. ఒక వెల్ష్ మనిషి సమాధి కలకత్తాలో ఉంది, ఒక ఖాసీ మనిషి సమాధి చెస్టర్‌లో ఉంది. ఈ రెండు పలకలూ పక్కపక్కన వచ్చేలా సర్దాను.

చెక్క పని కొంచెమే జరిగింది. గడుల మధ్య బద్దలు కోసి, కుసి-బెజ్జం పద్ధతిలో చట్రానికి దించాను. మేకులు ఎక్కడా లేవు. ఈ గాలిలో మేకు రెండేళ్ళు ఉండదు, తుప్పు పట్టి చెక్కను మరక చేస్తుంది.

జూన్ 7

1897 పలక. దీనికి రెండు శనివారాలు పడుతుందనుకున్నాను, ఒక్క రోజులో అయిపోయింది. ఇష్టంగా చేసినందుకేమో.

1897 జూన్ 12 సాయంత్రం 5 దాటాక ఈ కొండల్ని భూకంపం ఊపేసింది. తీవ్రత 8కి పైనే. షిల్లాంగ్‌లో, సోహ్రాలో రాతి కట్టడాలన్నీ నేలమట్టం. యాభై ఏళ్ళుగా రాయి మీద రాయి పేర్చుకున్న గుళ్ళు, బడులు, మిషన్ ఇళ్ళు నిమిషాల్లో కూలాయి. కొండచరియలు విరిగి ఊళ్ళ మీద పడ్డాయి. దాని వెనకే వానాకాలం. కప్పు లేని జనం మీద సోహ్రా వాన!

ఆ తర్వాత ఈ ప్రాంతం ఇల్లు కట్టే తీరే మారిపోయింది. అస్సాం తరహా ఇల్లు అంటారు. కిందికి కొంత రాతి పునాది, పైన చెక్క చట్రం, చట్రం గడుల్లో ఇక్రా రెల్లు అల్లి మట్టి, సున్నం పూత, పైన తేలికైన రేకు. భూమి కదిలితే ఇల్లూ దానితో కదులుతుంది, మీద పడదు. వడ్రంగి కొడుకుగా నాకు ఇందులో గొప్ప విషయం కనబడుతుంది. రాతి మేస్త్రీ చేతిలోంచి ఇల్లు వడ్రంగి చేతికి వచ్చింది. ఏభై ఏళ్ళ ముందు ఇక్కడ రంపపు పని నేర్పిన మనిషి అప్పటికి లేడు.

పలక మీద ఎడమ సగం నిజమైన రాళ్ళు, మా ఇంటి వెనక ఏరినవే, సన్నవి, చెల్లాచెదురుగా అతికించాను. కుడి సగం చిన్న చెక్క చట్రం, కర్ణాల బద్దలతో సహా. గడుల్లో రెల్లుకు బదులు వెదురు పేళ్ళు అల్లి సున్నం పూశాను. పూత ఆరడానికి హీటర్ పక్కన పెట్టాను. రాత్రి పదకొండుకి చూస్తే సన్నని బీటలు వచ్చాయి. నీళ్ళు ఎక్కువైనట్టుంది. గీకేసి, సున్నంలో సన్న ఇసుక ఎక్కువ కలిపి మళ్ళీ పూశాను. ఈసారి నిలిచింది.

జూన్ 14

మిగిలిన పలకలు. 1891: ఖాసీలో పూర్తి బైబిల్. చిన్న తెరిచిన పుస్తకం చెక్కాను, అంతే. ఒక సంగతి మాత్రం పలక కింద రాయించాను. జోన్స్ విన్నది సోహ్రా యాస కాబట్టి, రాసింది సోహ్రా యాసలోనే. బడి పుస్తకాలు, బైబిల్ ఆ దారినే వచ్చాయి. ఈ రోజు ఖాసీ మాట్లాడే లక్షల మందికి ప్రామాణిక రాత భాష ఆ చిన్న ఊరి మాటే.

1905: వేల్స్‌లో 1904లో వచ్చిన ఉజ్జీవం (జనంలో భక్తి ఒక్కసారిగా ఉప్పొంగడం) కబురు ఇక్కడికి చేరి, మావ్‌ఫ్లాంగ్ వైపు మొదలై కొండలంతా పాకింది, మరుసటి ఏడాది మిజో కొండలకూ వెళ్ళింది. దీనికి బొమ్మ ఏం వేయాలో తెలియక కాంగ్‌ను అడిగితే, వాళ్ళ అవ్వ చెప్పేదట, రాత్రుళ్ళు దివిటీలు పట్టుకుని ఊరి నుంచి ఊరికి పాడుకుంటూ నడిచేవాళ్ళని. దివిటీలు చెక్కాను, తొమ్మిది.

1969: వెల్ష్ మిషనరీలు వెళ్ళిపోయారు. ఈ పలక ఖాళీగా, నున్నగా ఉంచమని పెద్దలు చెప్పారు, సంవత్సరం అంకె మాత్రం చెక్కాను. అప్పటి నుంచి సంఘం నడిపింది వాళ్ళే కాబట్టి, అందులో ఏం రాయాలో వాళ్ళ పిల్లలే రాస్తారట.

జూన్ 21

నిన్న రాత్రి రెండో పూత వార్నిష్ వేశాను. తెల్లవారేసరికి ఆరలేదు, వేలు పెడితే అంటుకుంటోంది. అయినా బయల్దేరక తప్పదు. పాత దుప్పటి, దాని మీద రెండు పొరల టార్పాలిన్ చుట్టి సుమో పైన కట్టించాను. డ్రైవర్ ఎందుకంత జాగ్రత్త అన్నాడు. లోపల ఏముందో చెప్పగానే దిగి, తాళ్ళు విప్పి తనే మళ్ళీ బిగించి కట్టాడు. ఆయనది కూడా సోహ్రా వైపే.

దించి విప్పితే చట్రం బాగుంది. అక్షరాలు మాత్రం ఉబ్బాయి. ఇంట్లో సులువుగా జారిన ముక్కలు ఇక్కడి గాలికి బిగుసుకున్నాయి. కాంగ్ ఇంట్లో పొయ్యి పక్కన కూర్చుని పదకొండు ముక్కల అంచులు ఆకురాయితో తీశాను. నాయన చిత్రిక తీసుకురాలేదు, అది ఉంటే సగం సమయం పట్టేది. కాంగ్ వాళ్ళ అమ్మ నాకు వరసగా టీ పోస్తూనే ఉంది. ఇక్కడ ఇల్లు చిన్న కూతురికి వస్తుంది, కాంగ్ చిన్న కూతురు కాబట్టి అమ్మ ఆమె దగ్గరే ఉంటుంది. ఆవిడ ఒక్కో ముక్కా చేతిలోకి తీసుకుని, బిగ్గరగా చదివి, వరసలో పెట్టింది. ఎక్కడా తడబడలేదు.

జూన్ 22, ఆదివారం

వాన ఆగలేదు. గుడి నిండా జనం.

బల్లను ముందు పెట్టారు. ఏడెనిమిదేళ్ళ పాప లేచి వచ్చి, ఏ, బి, కె అని మొదలుపెట్టి, చివర వై దాకా ఒక్కొక్కటి ముట్టుకుంటూ చదివింది. తర్వాత ముసలివాళ్ళ తరగతి నుంచి ఒక అవ్వ వచ్చి అదే చేసింది. వెనకవైపు తిప్పినప్పుడు రెండో పలక దగ్గర పెద్దాయన స్వయంగా నిలబడి చదివాడు, జోన్స్ గెలిచినదీ, ఓడినదీ, సమాధి ఎక్కడుందో అంతా. పిల్లలు చప్పుడు చేయకుండా విన్నారు. ఒక అబ్బాయి మాత్రం, ఆయన్ని మళ్ళీ సంఘంలో చేర్చుకున్నారా అని అడిగాడు. పెద్దాయన బల్లను ముందువైపుకి తిప్పి, ఆ అక్షరాలు చూపించాడు.

ఖుబ్లెయ్ అని చాలామంది చెయ్యి పట్టుకున్నారు. దేవుడు దీవించుగాక అన్న అర్థం, థాంక్స్‌కూ అదే, వెళ్ళొస్తానన్నా అదే.

తీరా సర్దేటప్పుడు ఎన్-జి జంట గడిలోంచి రాలేదు. నిన్న తీసింది చాలలేదు, లేదా గుడిలో ఇంతమంది ఊపిరికి మళ్ళీ ఉబ్బింది. ఉలి పెట్టి లేపితే విరుగుతుందని వదిలేశాను. వచ్చే శనివారం చిత్రిక తీసుకుని మళ్ళీ వెళ్ళాలి. గడి కింద వేలు పట్టేంత బెజ్జం వేస్తే పిల్లలు కిందినుంచి తోసుకోవచ్చు. 23 గడులకూ వేయాలి.